గేటు మీద తేనెటీగలు

ఫోను పెట్టేసి హేమ గోడ గడియారం చూసింది. పది దాటి ఐదు నిమిషాలు. ఇనుపరాయి మోసుకొచ్చే గూడ్సు శృంగవరపుకోటలో ఆగి ఉంది, ముందున్న బండి కదిలాక దాన్ని వదులుతారు, మీ గేటు దగ్గరికి వచ్చేసరికి పదకొండవుతుంది అని స్టేషను మాస్టారు చెప్పారు. ఆమె కూడా చెప్పాల్సింది చెప్పింది. గేటు కడ్డీ మీద తేనెటీగల గుంపు వాలింది మాస్టారూ, గంటయింది అని. గేటు వెయ్యగలవా, మనుషుల్ని పంపనా అని అడిగారాయన. మనుషులంటే ఎవరొస్తారో, ఏం పట్టుకొస్తారో ఆమెకు తెలుసు. డీజిలు సీసా, కర్రకు చుట్టిన గోనెపీలిక. వేస్తానండీ అంది. పదీ యాభైకల్లా గేటు పడినట్టు ఫోను రాకపోతే బండిని సిగ్నలు దగ్గర ఆపేసి మనుషుల్ని పంపుతానని ఆయన అన్నారు, కోపంగా కాదు, పని మాట చెప్పినట్టే. ఇప్పుడు చేతిలో ఉన్నది ముప్పావుగంట. గుమ్మంలో నిలబడి చూసింది. రోడ్డుకు అడ్డంగా పడాల్సిన ఎరుపూ తెలుపూ చారల కడ్డీ ఆకాశంలోకి నిలువుగా లేచి ఉంది. దాని మొదట్లో, మనిషి తలెత్తున, పనసకాయంత ముద్ద వేలాడుతోంది. ముద్ద అనుకోవడమే తప్పు. అది ఒక్క క్షణం కూడా ముద్దగా ఉండటం లేదు. గోధుమరంగు వెన్నులు ఒకదాని మీదినుంచి ఒకటి పాకుతున్నాయి, ఒకదాని కాళ్లు ఒకటి పట్టుకుని జారుతున్నాయి, గాలి తగిలితే పండిన చేనులా అంతా ఒక పక్కకు ఒరిగి మళ్లీ సర్దుకుంటోంది. ఇన్ని వేల ప్రాణాలకు ఆ ఇనుపకడ్డీ మీద పట్టు ఎంత దొరికి ఉంటుంది. పైవరసవాళ్లు పట్టుకుంటే కిందివాళ్లంతా పైవాళ్లను పట్టుకున్నారు, అంతే.

తొమ్మిదింటికి పాసింజరు వెళ్లిపోయాక గేటు ఎత్తి, చక్రానికి కొక్కెం తగిలించి వెనక్కి తిరిగేసరికి, జీడితోట వైపు నుంచి పొగలాంటిది రోడ్డు మీదుగా వచ్చింది. పొగకు చప్పుడుండదు కదా అనుకునేలోపే నెత్తి మీదికి వచ్చేసింది. వెలుతురు సన్నసన్నగా తునిగినట్టయింది. చెవుల నిండా, పళ్లలో కూడా, ఆ ఒకే ధ్వని. ఆమె పరుగెత్తలేదు. పరుగెత్తకూడదని కాళ్లకే తెలిసినట్టు నిలబడిపోయింది. కాళ్లకు నేర్పింది తిరుమలరావు బాబాయి. ఈ గేటులో ముప్పై ఏళ్లు పనిచేసి కిందటేడు రిటైరైన మనిషి, ఆమెకు ఈ పని నేర్పిన మనిషి. నిరుడు మాఘమాసంలో ఇలాంటి గుంపే ఒకటి అల్లంత దూరాన తాటిచెట్టుకు వాలితే, ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాడు. ఆమె వెనక్కి లాక్కుంటే నవ్వాడు. "ఇల్లున్నోడికే కాపలా, కాపలా ఉన్నోడికే కోపం. ఇయి ఇల్లు ఒగ్గేసి బయల్దేరినాయమ్మీ. ఈటికి కోపం ఎక్కడిది?" కడుపు నిండా తేనె తాగి బయల్దేరతాయట. పిల్లలకు పాత ఇల్లు వదిలేసి, ముసలి రాణిని తీసుకుని, సగం కుటుంబం కట్టుబట్టలతో వచ్చేస్తుందట. కొత్త ఇల్లు వెతకడానికి కొన్ని పోతాయి, మిగతావి అవి వచ్చేదాకా ఎక్కడో ఒకచోట ఇలా పట్టుకుని ఉంటాయి. గంట కావచ్చు, పూట కావచ్చు. ఎవరూ కదపకపోతే ఎవరినీ ఏమీ అనవు. కదిపితేనో అని ఆమె అడిగింది. ఎలా కదుపుతావన్నదాన్ని బట్టి ఉంటుందని చెప్పి ఆయన బీడీ జేబులోంచి తీసి, మళ్లీ జేబులోనే పెట్టేసుకున్నాడు. పొగ వాటికి పడదని.

ఎండ ఎక్కుతోంది. దూరంగా అనంతగిరి కొండల మీద మబ్బులేదు. మబ్బు ఉందా లేదా అని చూడటం ఆమెకు ఇప్పుడు అలవాటే గాని, ఆకాశం వైపు తలెత్తని ఏడాది ఒకటి ఆమె బతుకులో ఉంది. ఆమె భర్త దేవేంద్ర ఇదే లైను మీద గ్యాంగు పని చేసేవాడు. నాలుగేళ్ల కిందట వైశాఖంలో, మధ్యాహ్నం మూడింటప్పుడు, హేమ డాబా మీద పాత చీర పరిచి మాగాయ ముక్కలు ఎండబెట్టింది. పడమట నల్లగా కమ్ముకొచ్చింది. ముక్కలు తడిస్తే బూజు పడతాయని చీర నాలుగు కొసలూ కూడదీసుకుని మెట్లు దిగుతుంటే ఊరంతా తెల్లగా అయి, ఆ వెంటనే చెవులు పగిలేలా ఉరిమింది. ఎక్కడో దగ్గర్లోనే పిడుగు పడిందనుకుంది. మూట వసారాలో దించి, తడి తగిలిందేమోనని ఒక్కో ముక్కా చూసింది. ముక్కలు తడవలేదు. ఒక్కటి కూడా తడవలేదు. ఆ సంతోషం మొహాన ఉండగానే వీధిలో ఎవరో పరుగెత్తుకొచ్చారు. దేవేంద్ర పనిముట్లు పట్టుకుని అందరితో కలిసి పరుగెడుతున్నాడట, అందరికన్నా వెనక ఉన్నాడట. పిడుగు పడింది ఏడుగురిలో ఆయన ఒక్కడి మీదే. తరవాత ఎన్ని రోజులు గడిచినా ఆమెను వేధించింది ఆ ఉరుము కాదు, ఆ ముక్కలు. ఆయన పోయిన క్షణంలో తను మామిడిముక్కల కోసం దేవుడికి దండం పెట్టుకుంది. దేవుడు ఆ మాట విన్నాడు, ముక్కలు కాపాడాడు. ఇంట్లో దీపం పెట్టడం ఆరోజే మానేసింది. అత్త అసిరమ్మ కొడుకును పోగొట్టుకుని కూడా మానలేదు. నువ్వు అలిగితే ఆయనకేమిటి నష్టం అని ఒకసారి అంది, తరవాత అనడం మానేసి రెండు వత్తులు వెయ్యడం మొదలెట్టింది, ఒకటి కోడలి వంతు.

భర్త పోయినందుకు ఇచ్చిన ఉద్యోగం ఈ గేటు. ఆయన పడిపోయిన చోటికి రెండు కిలోమీటర్లు. మొదటి రోజు ఇక్కడికొచ్చి చూస్తే ఒక గది, ఒక చక్రం, రెండు కడ్డీలు, ఆ పైన అంతా ఆకాశమే. కిటికీ తలుపు మూసుకుని లోపల కూర్చునేది. ఫోను మోగితే వచ్చి చక్రం తిప్పి, నేల చూస్తూ జెండా పట్టుకుని, బండి పోయాక మళ్లీ లోపలికి. తిరుమలరావు బాబాయి ఆమెను ఓదార్చలేదు. ఓదార్చేవాళ్లను చూసి చూసి విసిగిపోయిన ఆమెకు అది కాస్త నయమనిపించింది. నాకు కళ్లు ఆనడం లేదమ్మీ, శుక్లాలు వచ్చినాయి, ఆ తీగ మీద ఏటి వాలిందో సూసి సెప్పు అనేవాడు. ఆమె విసుక్కుంటూ బయటికొచ్చి చూసేది. నల్లపిట్ట అని చెప్పేది. తోక ఎలాగుంది అని అడిగేవాడు. చీలి ఉందని చెప్తే, అయితే పసుల పోలిగాడు, ఎవరి గేదెలు మేస్తున్నాయో సూడు, ఆటి వెనకాలే ఎల్తాడు అనేవాడు. ఆ కంప మీద ఏటుందో సూడు. ఆ ముంగిస ఇటు దాటినాదా, అటు దాటినాదా. చీమలు గుడ్లు మోస్తన్నాయేటి, ఎంత ఎత్తుకి మోస్తన్నాయి. రోజుకు పది సార్లు. ముసలాయన కళ్లు తనవే అన్నట్టు ఆమె చూసిపెట్టేది. ఎనిమిది నెలల తరవాత ఒకరోజు, పోతున్న గూడ్సు చివరి డబ్బా మీది నంబరు, ఆమెకే అలికినట్టు కనిపిస్తుంటే, ఆయన అంత దూరం నుంచి గడగడా చదివేశాడు. చదివేసి నాలిక కరుచుకున్నాడు. ఇద్దరూ ఆ సంగతి మాట్లాడుకోలేదు. మర్నాడు కూడా ఆయన అడిగాడు, ఆ తీగ మీద ఏటుందో సూడమ్మీ అని. ఆమె వెళ్లి చూసి చెప్పింది. అలాంటి అబద్ధం ఎనిమిది నెలలు విసుగు లేకుండా ఆడగలిగిన మనిషిని ఆమె ఇంకెక్కడా చూడలేదు.

ఇప్పుడు ఆయన పాచిపెంటలో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆయన లేకపోయినా చూడటం ఆగలేదు. పొద్దున్నే డ్యూటీకి వచ్చేటప్పుడు గేటు కమ్మీల మధ్య సాలెగూడు మంచుబొట్లతో బరువెక్కి ఉంటుంది, మొదటి బండి అదురుకు బొట్లన్నీ ఒకేసారి రాలతాయి, గూడు మాత్రం ఉంటుంది. ఖనిజం దుమ్ముతో ఎర్రబారిన కంకరలోంచి అత్తిపత్తి మొక్క ఒకటి మొలిచి, బండి వచ్చినప్పుడల్లా ఆకులన్నీ ముడుచుకుని, పోయాక నిదానంగా, ఏ తొందరా లేకుండా, ఒక్కో ఆకూ విప్పుకుంటుంది. ఆమె ఒకసారి చేతి గడియారం పెట్టుకుని చూసింది, పదకొండు నిమిషాలు. నాలుగింటికి ముంగిసల జంట పట్టాలు దాటుతుంది. ఒకరోజు రాలేదు. ఆ రోజు డ్యూటీ దిగాక కూడా అరగంట ఉండిపోయింది, హారతి దాకా ఉండి వచ్చేవాళ్లలా. ఆ పోలిక తనకు తట్టినప్పుడు కోపం వచ్చింది కూడా. నేనేం మొక్కలేదు, ముంగిసల కోసం ఆగానంతే అని తనకు తనే చెప్పుకుంది. ఆ కోపమే పట్టుకుని మర్నాడు బాబాయికి ఫోను చేసి, ఎన్నాళ్లనుంచో మింగుకున్న మాట అడిగేసింది. ఏడుగురిలో ఆయన్నే ఎందుకు చూసుకుంది ఆ పిడుగు అని. "పిడుగుకి పేర్లు తెలవ్వమ్మీ" అన్నాడాయన. ఎంత కటికమాట అనుకుంది. నెలరోజులు ఆయనకు ఫోను చెయ్యలేదు.

ట్రాక్టరు చప్పుడు. పదీ ఇరవై ఐదు. గడ్డిమోపులు ఎత్తుకున్న ట్రాక్టరు రోడ్డు మలుపు తిరిగి వచ్చి గేటుకు పది గజాల ఇవతల ఆగిపోయింది. నరసింగరావు. వెనకూరి రైతు, యాభై ఏళ్లు పైబడిన మనిషి, రోజుకు నాలుగుసార్లు ఈ గేటు దాటుతుంటాడు. గేటు ఎత్తే ఉంది, దాటి పోవచ్చు. కాని ఆయన ఇంజను ఆపేశాడు, దిగాడు, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహానికి చుట్టుకున్నాడు. కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి, ఆ కళ్లలో భయం. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. రెండేళ్ల కిందట ఆయన అన్న శవాన్ని మోసుకెళ్తుంటే టపాసుల పొగకు పెద్ద తేనెటీగలు రేగి, మోసేవాళ్లు పాడె దించేసి పారిపోయారు. అన్న శవం రెండు గంటలు రోడ్డు మీదే ఉండిపోయింది. ఆయన ఒక్కడూ దాని పక్కనే పడుకుని ఉంటే, సాయంత్రం ఆసుపత్రిలో ఒంట్లోంచి ముళ్లు లెక్కపెట్టి తీశారని ఊళ్లో చెప్పుకుంటారు. హేమకు ఆ సంగతి తెలుసు. అందుకే ఆయన ట్రాక్టరు మీదినుంచి గుప్పెడు గడ్డి లాగి, కర్రకు చుట్టి, అగ్గిపెట్టె కోసం జేబు తడుముకుంటుంటే ఆమె గట్టిగా ఒక్క మాట కూడా అనలేకపోయింది. గది మెట్లు దిగి, ఆయనకూ కడ్డీకీ మధ్యకు వచ్చి నిలబడింది.

"తప్పుకో సెల్లీ. రెండు నిమిషాల పని. బండొస్తే గేటెలగ ఏస్తావు?"

"ఏస్తాను అన్నా. మెల్లగా ఏస్తాను."

"ఆటికి మెల్లగా గట్టిగా తెలుస్తాదేటి? నాకు తెలుసు ఆ సంగతి. నీకు తెలవదు."

"నీకు తెలిసినవి పెద్దవి. రేగినవి. ఇవి చిన్నవి, ఇల్లు లేనివి" అని ఆమె చెప్పింది. తన గొంతు ఇంత నెమ్మదిగా ఉండటం ఆమెకే వింతగా ఉంది. గడ్డి అంటిస్తే అవి ఎటు రేగుతాయో ఎవరికీ తెలియదనీ, నువ్వూ నేనూ కూడా ఇక్కడే ఉన్నామనీ అంది. గేటు పడేదాకా ఆగమంది. పడకపోతే మాస్టారే మనుషుల్ని పంపుతారు, అప్పుడు నీ ఇష్టం, నేను అడ్డురాను అంది. ఆయన కర్ర కింద పెట్టలేదు, వెలిగించనూ లేదు. ట్రాక్టరు అవతలికి వెళ్లి పెద్ద చక్రం వెనక చతికిలబడ్డాడు.

మళ్లీ నిశ్శబ్దం. నిశ్శబ్దం కూడా కాదు, ఆ ధ్వని. ఇంతసేపు విన్నాక అందులో తేడాలు తెలుస్తున్నాయి. వెతకడానికి పోయినదేదో ఒకటి తిరిగొస్తుంది, గుంపు పైన వాలి, నడుము అల్లాడిస్తూ అటూ ఇటూ పరుగుపెడుతుంది, దాని చుట్టూ ఉన్నవి దానికి తల ఆనించి వింటాయి. అప్పుడు ధ్వని కొంచెం ఎక్కుతుంది. మరొకటొచ్చి మరో దిక్కు చెబుతుంది కాబోలు, ధ్వని మళ్లీ దిగుతుంది. ఎవరి మాటనూ ఎవరూ కొట్టెయ్యడం లేదు. వింటున్నాయి. ఇన్ని వేలమంది ఒక ఇంటి సంగతి తేల్చుకుంటున్నారు, నడిరోడ్డు మీద, పైకప్పు లేకుండా, రేపటికి తిండి ఉందో లేదో తెలియకుండా. ఇంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చింది వీటికి అని హేమ అనుకుంది. అనుకుని తల ఎత్తింది. కడ్డీ కొన మీదుగా ఆకాశం నీలంగా, అడ్డూ ఆపూ లేకుండా ఉంది. ఎవరినీ రమ్మనడం లేదు, పొమ్మనడం లేదు.

ఫోను మోగింది. పదీ నలభై రెండు. బండి బయల్దేరింది.

చక్రానికీ కడ్డీకీ మధ్య నాలుగు మూరల దూరం. ఆమె కొక్కెం తీసి, రెండు చేతులతో పిడి పట్టుకుంది. రోజూ ఇరవై తిప్పులు గబగబా తిప్పేసేది, ఒక్కో తిప్పుకు ఒకసారి గంట మోగేది. ఇప్పుడు మొదటి తిప్పు సగమైనా కాకముందే గుంపంతా ఒక్కసారి ఒళ్లు జలదరించినట్టు మెరిసింది. ఆమె ఆగింది. ఊపిరి వదిలింది. మళ్లీ తిప్పింది. కడ్డీ ఒక బెత్తెడు ఒరిగింది. గంట ఒక్కసారి టంగుమంది. ట్రాక్టరు వెనకనుంచి ఏదో గొణుగుడు వినిపించింది. మళ్లీ. కడ్డీ వాలేకొద్దీ గుంపు ఒక పక్కకు జారుతోంది, నిలువుగా పట్టుకున్నదంతా కిందికి వేలాడేలా కాళ్లు మార్చుకుంటోంది. ఎంత సేపు పడుతుందో అంతసేపూ ఇవ్వాలి. వాటికి ఎంత కావాలో ఆమె చేతులకు తెలుస్తోంది, పసిపిల్లకు ఉగ్గు పోసేటప్పుడు మింగిందో లేదో తెలిసినట్టు. ఆరో తిప్పులో గుప్పెడంత ముద్ద తెగి నేల మీద పడింది. ధ్వని ఒక్కసారిగా పెరిగింది. గాల్లో వందలు లేచాయి. ఆమె మెడ మీద, చెవి వెనక, పిడి పట్టుకున్న మణికట్టు మీద వాలాయి. చిన్న చిన్న కాళ్లు, తడిలేని కాళ్లు. కదలకూడదు. ఒకటి కనుబొమ్మ మీదికి పాకింది, దాని రెక్క నీడ కంట్లో పడింది. దీనికి తనెవరో తెలియదు. భర్త పోయినదనీ తెలియదు, దీపం పెట్టనిదనీ తెలియదు, ముక్కలు చూసుకున్నదనీ తెలియదు. వాలడానికి ఒక చోటు, వెచ్చగా, కదలకుండా ఉన్న చోటు, అంతే. పిడుగుకి పేర్లు తెలియవు. ఆ మాట ఇంతకాలం చేదుగానే ఉంది. ఇప్పుడు మెడ మీద పాకుతున్న ఆ కాళ్ల కింద అదే మాట వేరేగా వినిపించింది. తన పేరు ఎవరూ రాసిపెట్టుకోలేదు, శిక్షకోసం గాని వరం కోసం గాని. మామిడిముక్కలకూ ఆయన ప్రాణానికీ బేరం ఎవరూ పెట్టలేదు. ఆయన పరుగెడుతున్నాడు, ఆమె మెట్లు దిగుతోంది, వాన వస్తోంది, అంతే, అన్నీ ఒకే ఆకాశం కింద. కళ్లలో నీళ్లు వచ్చాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. కంటి కొసన ఉన్న ఈగ ఆ తడిని నాలికతో తాకి చూసి, ఎగిరిపోయింది. ఆమె ఏడో తిప్పు తిప్పింది.

ఇరవయ్యో తిప్పుకు కడ్డీ కొక్కెంలో కూర్చుంది. కింద పడ్డ ముద్దంతా అప్పటికే లేచి గుంపులో కలిసిపోయింది. గుంపు కడ్డీ కింద ముసలివాడి గడ్డంలా వేలాడుతోంది. పదీ నలభై తొమ్మిదికి ఫోనులో మాస్టారికి గేటు పడిందని చెప్పింది. ఎన్ని కుట్టాయి అని ఆయన అడిగారు. ఒక్కటీ లేదండీ అంది. నేను ఈ ఉద్యోగంలో చేరాక ఇలాంటిది వినలేదమ్మా అని ఆయన ఫోను పెట్టేశారు.

పచ్చజెండా పట్టుకుని తన చోటులో నిలబడింది. పట్టాలు ముందుగా సన్నగా పాడాయి, తరవాత కంకర అదిరింది. రెండు ఇంజన్లు, వాటి వెనక ఎర్రటి డబ్బాలు, ఒకదాని వెనక ఒకటి. ప్రతి డబ్బా చక్రాలూ చూడాలి, పొగ వస్తోందా, ఏదైనా వేలాడుతోందా చూడాలి, అది ఆమె పని. చూసింది. చూస్తూనే కంటికొసన కడ్డీని కూడా చూసింది. బండిగాలికి గుంపు చెదరలేదు, బిగుసుకుంది. చలికి ముడుచుకున్న పిల్లలా చిన్నదైపోయింది. యాభై ఎనిమిది డబ్బాలు పోయాయి. చివరిదాని వెనక పెద్ద ఖాళీ వచ్చి, ఎండ మళ్లీ పట్టాల మీద పడింది.

ఆమె గేటు ఎత్తడానికి చక్రం దగ్గరికి రాకముందే ధ్వని మారింది. ఇంతసేపూ ఒకటి ఎక్కువా ఒకటి తక్కువాగా ఉన్నది ఒకే గొంతయింది. గడ్డం కొస విడింది, తరవాత నడుము, తరవాత అంతా. కొలిమి మీద గాలి ఊదినట్టు కడ్డీ చుట్టూ గోధుమరంగు సుడి లేచింది, రోడ్డు వెడల్పున పరుచుకుంది, ఆమె తల మీదుగా, గడ్డి ట్రాక్టరు మీదుగా, లైను దాటి తూర్పుకు సాగింది. నరసింగరావు ట్రాక్టరు చక్రం వెనకనుంచి లేచి నిలబడి ఉన్నాడు. మొహం మీది తువ్వాలు ఎప్పుడు తీసేశాడో తీసేశాడు. అవి నెత్తి మీదుగా పోతుంటే తల వంచుకోలేదు, నోరు కొంచెం తెరిచి, మెడ తిప్పుతూ, కనుమరుగయ్యేదాకా చూశాడు. కర్రకు చుట్టిన గడ్డి విప్పి మోపులో దోపేశాడు.

ఆయన కడ్డీ దగ్గరికి వచ్చి వంగాడు. "ఇదేటి సెల్లీ, ఇలగొచ్చి సూడు" అన్నాడు.

గుంపు వేలాడిన చోట, ఎర్ర చారకూ తెల్ల చారకూ మధ్య, చిటికెన వేలి గోరంత తెల్లటి మైనం అంటుకుని ఉంది. పాలమీగడంత పలచగా, మధ్యలో మూడు గదుల ఆనవాలు. ఉన్నది రెండు గంటలు. ఉంటామో ఉండమో తేలలేదు, కింద రోడ్డు, పక్కన రైలు, అయినా పైవరసలో ఎవరో ఇల్లు మొదలెట్టేశారు. హేమ వేలి కొసతో తాకింది. ఇంకా వెచ్చగా ఉంది. నరసింగరావు తన వేలు కూడా చాచి, తాకకుండా వెనక్కి తీసుకున్నాడు. గీకేస్తావా అని అడిగాడు. లేదని ఆమె తల ఊపి, చక్రం దగ్గరికి వెళ్లి, ఆ మైనం రాలిపోకుండా గేటు ఎత్తడం మొదలుపెట్టింది.